మిద్దె మీంచి నేల దాకా

ప్రొద్దుటూరు పాత వీధుల్లో మట్టి మిద్దెలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటి ఎత్తు రమారమి పది అడుగులు. అంత ఎత్తు నుంచి కాలు జారిన మనిషి నేలను తాకడానికి పట్టేది సెకను కూడా కాదు, 0.8 సెకను. తాకేసరికి అతని వేగం గంటకు 28 కిలోమీటర్లు. రెండంతస్తుల స్లాబు అంచు నుంచి, అంటే ఇరవై అడుగుల నుంచి పడితే 1.1 సెకను పడుతుంది, వేగం 39 కిలోమీటర్లకు చేరుతుంది. నలభై అడుగులైతే 1.6 సెకన్లు, 56 కిలోమీటర్లు. జమ్మలమడుగుకు దగ్గర్లోని గండికోటలో పెన్నా కోసిన లోయ లోతు దాదాపు 300 అడుగులు. దాని అంచు నుంచి నేరుగా కిందికి పడే వస్తువు నాలుగు సెకన్లు దాటగానే గంటకు 150 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది.

ఈ అంకెలు చూస్తే, ఎత్తు నాలుగింతలైనప్పుడు వేగం రెండింతలే అయింది. అయితే శరీరం మోసుకొచ్చే శక్తి మాత్రం ఎత్తుతో సమానంగా నాలుగింతలు పెరుగుతుంది. ఎముకలను విరిచేది ఆ శక్తే. సమయం సంగతి కూడా చూడాలి. మనిషి ఉలిక్కిపడి, ఏం జరుగుతోందో గ్రహించి, ఒళ్ళు తిప్పుకోవడానికి 0.8 సెకను చాలదు. పిల్లి గాలిలోనే తిరగగలదు, మనిషికి ఆ విద్య లేదు. మిద్దె అంచు దాటిన క్షణాన ఒళ్ళు ఎటు వంగి ఉందో దాన్నిబట్టే నేలను ముందు ఏ భాగం తాకుతుందో తేలిపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు కలిగే గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో అయిదింట నాలుగు వంతులకు పైగా మనలాంటి తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లోనే. మన ఊళ్ళ చుట్టూ పడేవాళ్ళు ఎవరో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. సారవ మీద నిలబడి గోడ పూసే బేల్దారి పనివాళ్ళు, చింతకాయలు దులపడానికి చెట్టెక్కేవాళ్ళు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు బండల గనుల అంచున పనిచేసేవాళ్ళు, పత్తి మిల్లుల రేకుల కప్పులు బాగుచేసేవాళ్ళు, స్తంభమెక్కే లైన్‌మన్‌లు, ఎండాకాలం మిద్దె మీద పడుకునేవాళ్ళు, గాలిపటం చూస్తూ వెనక్కి వెనక్కి నడిచే పిల్లలు. రోడ్డు ప్రమాదం పత్రిక మొదటి పేజీకి ఎక్కుతుంది. స్లాబు మీంచి పడ్డ కూలీకి జిల్లా పేజీలో నాలుగు వరుసలు దొరికితే ఎక్కువ. ఆ నాలుగు వరుసల్లో "తలకు తీవ్ర గాయమై" అన్న మాట తప్ప ఎలా పడ్డాడు, దేని మీద పడ్డాడు అన్నది ఉండదు. డాక్టరుకు ముందుగా కావలసింది అదే.

ఎందుకంటే, పడిన మనిషి ఒంటి మీద గాయాలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. నేలను ముందు తాకిన చోట దెబ్బ మొదలవుతుంది. అక్కడి నుంచి ఎముకల వెంట ప్రయాణిస్తుంది, బలహీనమైన చోటల్లా విరుచుకుంటూ పోతుంది. ఆ దారి తెలిసినవాళ్ళకు మొదటి గాయం కనపడగానే రెండోదాన్ని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఈ అధ్యాయం ఆ దారి గురించే.

ముందు నేల సంగతి చూద్దాం. గాలిలో ఉన్నంతసేపూ ఒంటికి ఏమీ కాదు. వేగమంతా సున్నా అయిపోయే చివరి కొద్ది దూరంలోనే గాయం పుడుతుంది. దాని లెక్క చాలా సులువు. పడిన ఎత్తును, ఆగడానికి పట్టిన దూరంతో భాగించండి. శరీరం మీద పడే సగటు తాకిడి భూమ్యాకర్షణకు ఎన్ని రెట్లో వస్తుంది. పది అడుగుల మిద్దె మీంచి పడిన మనిషి వదులుగా పోసిన ఇసుక కుప్ప మీద పడి, అడుగు లోతు దిగి ఆగాడనుకోండి. తాకిడి పది రెట్లు. అదే మనిషి నాపరాళ్ళు పరిచిన వాకిట్లో పడితే రాయి ఒక్క వెంట్రుకవాసి కూడా దిగదు. కండ, చర్మం, ఎముకల సందులు నలిగి ఇచ్చే అంగుళం దూరమే అతనికి దిక్కు. అప్పుడు తాకిడి 120 రెట్లు. ఎత్తు అదే, మనిషి అతనే, పన్నెండింతల తేడా.

కడప బండ దేశమంతా పేరున్న రాయి. పొరలు పొరలుగా, ఉలితో లేపితే పలకలుగా వచ్చే ఈ సున్నపురాయి మన ఇళ్ళలో నేలకు, అరుగుకు, మెట్లకు, కొన్నిచోట్ల పైకప్పుకు కూడా వాడతారు. వాకిలి శుభ్రంగా ఉంటుంది, ఎండకు చల్లగా ఉంటుంది. పైనుంచి పడేవాడికి మాత్రం ఇంతకంటే కఠినమైన నేల లేదు. రేగడి నేల సంగతి వేరు. వానాకాలంలో కాలు దిగబడేంత మెత్తగా ఉండే ప్రొద్దుటూరు నల్లరేగడి, ఏప్రిల్ వచ్చేసరికి నెర్రెలిచ్చి రాయిలా గట్టిపడుతుంది. చింతకాయలు దులిపేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. అంటే చెట్టెక్కే కాలమూ, నేల గట్టిపడే కాలమూ ఒకటే అవుతున్నాయి.

ఆగే దూరానికున్న విలువను శాస్త్రంగా నిరూపించినవాడు డాక్టరు కాదు. హ్యూ డిహేవన్ అనే అమెరికన్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విమానం నడపడం నేర్చుకుంటుండగా గాలిలో రెండు విమానాలు ఢీకొన్నాయి, అతనొక్కడే బతికాడు. కడుపులో అయిన గాయాలకు కారణం తన నడుముకున్న బెల్టు బకిలు అని అతను గుర్తించాడు. విమానం లోపలి అమరిక మారిస్తే గాయం మారుతుందన్న ఆలోచన అతన్ని వదల్లేదు. 1942లో అతను 50 నుంచి 150 అడుగుల ఎత్తు నుంచి పడి కూడా బతికిన ఎనిమిది మంది ఉదంతాలను కొలతలతో సహా ప్రచురించాడు. తవ్వి వదులు చేసిన తోట మట్టి, బరువు పడగానే లోపలికి కుంగిన లోహపు పెట్టె, ఇలాంటివి వాళ్ళను కాపాడాయి. కొన్ని అంగుళాల దూరమే వాళ్ళకు దక్కింది. అది చాలింది. వెల్లకిలా గానీ బోర్లా గానీ పడి, దెబ్బ ఒళ్ళంతా పరుచుకుంటే మనిషి క్షణంలో కొద్ది భాగం పాటు భూమ్యాకర్షణకు 200 రెట్ల తాకిడిని కూడా తట్టుకోగలడని అతని అంచనా. తర్వాత కార్నెల్ విశ్వవిద్యాలయంలో ప్రమాద గాయాల పరిశోధన అతనే నడిపాడు. ఇవాళ కారులో మనం పెట్టుకునే మూడు కొసల బెల్టుకు 1955లోనే గ్రిస్‌వల్డ్ అనే మరొకరితో కలిసి ఒక పేటెంటు తీసుకున్నాడు. రోడ్డు భద్రతకు ఇంత చేసిన శాస్త్రం ఎత్తు నుంచి పడినవాళ్ళ దగ్గరే మొదలైంది. ఆ ఫలం మన బేల్దారి కూలీ దాకా ఇంకా రాలేదన్నది నా బాధ.

1944 మార్చిలో నికొలస్ ఆల్క్‌మేడ్ అనే బ్రిటిష్ వైమానిక సైనికుడు మండుతున్న విమానం నుంచి పారాచూట్ లేకుండా 18,000 అడుగుల నుంచి దూకి, పైన్ కొమ్మల మీదుగా మంచులో పడి, కాలు బెణకడం తప్ప పెద్ద గాయం లేకుండా లేచాడు. ఇది అద్భుతం కాదు. కొమ్మలు కొంత, మంచు కొంత ఆగే దూరాన్ని పెంచాయి. అలాగని ఇలాంటి కథలను నమ్ముకుని బతకలేం. గాయాల చికిత్స పుస్తకాల్లో చాలాకాలంగా చెప్పే అంచనా ఏమిటంటే, నాలుగంతస్తుల ఎత్తు, అంటే 48 అడుగుల దగ్గర పడినవాళ్ళలో సగం మంది చనిపోతారు. ఏడంతస్తులకు చేరితే పదిలో తొమ్మిది మంది.

ఇప్పుడు నిలువుగా, కాళ్ళ మీద పడిన మనిషి దగ్గరికి వద్దాం. నా దృష్టిలో ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. చూడటానికి ఇదే అన్నిటికన్నా తేలికైన ప్రమాదంలా కనిపిస్తుంది కాబట్టి.

నేలను ముందు తాకేది మడమ. మడమ ఎముక పైపొర పలుచన, లోపల గుల్ల. దాని మీద కాలి బరువంతా దించే ఎముక పైనుంచి గుద్దితే మడమ ఎముక నలిగి పొట్టిదై వెడల్పవుతుంది. పాదం వాచి, అరికాలి నడుమ నీలంగా కమిలిపోతుంది. రెండు మడమలూ విరగడం అరుదేం కాదు. దెబ్బ అక్కడితో ఆగకపోతే చీలమండకు, మోకాలి కింది ఎముక పైకొసకు, తుంటికి ఎక్కుతుంది. ఒక కాలు ముందు తాకితే ఆ వైపు కటి ఎముకల భాగమంతా పైకి జరుగుతుంది. దాని లోపలి సిరలు చిట్లితే లీటర్ల కొద్దీ రక్తం బయటికి కనపడకుండా లోపలే పోతుంది.

తర్వాతి మెట్టు వెన్ను. ఛాతీ భాగంలో పన్నెండు వెన్నుపూసలున్నాయి, పక్కటెముకలు పట్టి ఉంచడం వల్ల ఆ భాగం బిగువుగా ఉంటుంది. నడుములోని అయిదు పూసలు సులువుగా వంగుతాయి. బిగువు భాగం, వంగే భాగం కలిసే చోటు ఛాతీ పన్నెండో పూస, నడుము ఒకటో పూస. ఎత్తు నుంచి పడినవాళ్ళలో ఎక్కువగా విరిగేది ఈ రెండే. మనిషి ముందుకు వంగి పడితే పూస ముందు భాగం నలిగి, ముందు సన్నగా వెనక మందంగా మారుతుంది. నిటారుగా పడితే పూస నాలుగు వైపులా పగిలి, దాని ముక్కలు వెనక్కి, వెన్నుపాము ఉన్న కాలువలోకి చొచ్చుకొస్తాయి. వెన్నుపాము ముగిసేది కూడా సరిగ్గా ఆ ప్రాంతంలోనే. అందుకే కాళ్ళు మొద్దుబారడం, మూత్రం బిగబట్టినట్టు ఆగిపోవడం లాంటి లక్షణాలు కనపడతాయి.

మడమ విరిగినవాళ్ళలో దాదాపు పదిలో ఒకరికి నడుము పూస కూడా విరిగి ఉంటుంది. మడమ నొప్పి ఎంత తీవ్రమంటే మనిషి నడుము సంగతి చెప్పడు. చెట్టు మీంచి పడినవాడు "కాలు పోయింది, కాలు పోయింది" అని ఏడుస్తుంటాడు, చుట్టూ ఉన్నవాళ్ళు కాలే చూస్తారు. కట్టు కట్టించి, ఆటోలో కూర్చోబెట్టి ఇంటికి తీసుకెళ్తారు. ఆ కూర్చోబెట్టడంలో, ఆ కుదుపుల్లో పగిలిన పూస ముక్క ఇంకొంచెం వెనక్కి జరిగితే, అప్పటిదాకా కాళ్ళు కదిలించగలిగిన మనిషి మళ్ళీ నడవడు. మడమ విరిగిందని తేలిన ప్రతి ఒక్కరికీ నడుము ఎక్స్‌రే తీయాలన్నది పాత నియమం. పాటించడానికి ఖర్చు తక్కువ, మరిచిపోతే నష్టం జీవితాంతం.

వెన్నుపూసల ఈ విరుపు యుద్ధవిమాన పైలట్లకు బాగా తెలుసు. విమానం కూలుతున్నప్పుడు సీటుతో సహా పైలటును పైకి విసిరే ఏర్పాటు ఉంటుంది. ఆ ఒక్క క్షణంలో వెన్ను మీద నిలువుగా పడే ఒత్తిడికి విరిగేది కూడా ఈ పూసలే. మిద్దె మీంచి పడిన మనిషి కిందికి పోతాడు, పైలటు పైకి పోతాడు. వెన్నుకు రెండూ ఒకటే. డిహేవన్ చెప్పిన 200 రెట్లు అడ్డంగా పడినవాడికి వర్తిస్తాయి. నిలువు వెన్ను దానిలో పదోవంతు దగ్గరే విరగడం మొదలుపెడుతుంది.

ఎత్తు ఇంకా ఎక్కువైతే దెబ్బ వెన్ను వెంట మెడ దాకా ఎక్కుతుంది. గొడ్డలి కామ అడుగును నేలకేసి కొడితే గొడ్డలి తల కామ మీదికి ఎలా దిగుతుందో, నేల మీద ఆగిపోయిన వెన్ను మీదికి తల అలా దిగుతుంది. పుర్రె అడుగున వెన్నుపాము బయటికి వచ్చే పెద్ద రంధ్రం చుట్టూ ఎముక వలయంగా పగులుతుంది. తలకు నేల తగలకుండానే పుర్రె పగిలిందంటే కారణం ఇదే. పోస్టుమార్టంలో ఈ వలయం కనపడితే మనిషి కాళ్ళ మీదో పిరుదుల మీదో పడ్డాడని డాక్టర్లు గట్టిగా అనుమానిస్తారు.

తల ముందు తాకడం పసిపిల్లల్లో ఎక్కువ. ఒంటితో పోలిస్తే వాళ్ళ తల బరువెక్కువ. మిద్దె ఇళ్ళలో వెలుతురు కోసం కప్పుకు పెట్టే గవాచి, పిట్టగోడ లేని మిద్దె అంచు, కడ్డీలు లేని కిటికీ పిల్లల తలకు ఎదురుగా ఉన్న మూడు ప్రమాదాలు. పెద్దవాళ్ళలో తల ముందుగా పడేది చెట్టు మీంచి, నిచ్చెన మీంచి, కరెంటు షాక్ కొట్టి స్తంభం మీంచి. షాక్ విషయంలో కాలిన చిన్న మచ్చ ఎక్కడైనా ఉందేమో వేళ్ళ సందుల్లో కూడా వెతకాలి. అసలు కారణం అదైతే, పడటం రెండోది.

తలలో జరిగే పని ఇంకా విచిత్రమైనది. నిలిచి ఉన్న తల మీద కర్ర పడితే మెదడు కర్ర తగిలిన చోటే దెబ్బతింటుంది. కదులుతున్న తల నేలకు కొట్టుకుంటే, కొట్టుకున్న వైపు కంటే దానికి ఎదురు వైపు మెదడు ఎక్కువగా నలుగుతుంది. వెనక్కి పడి తల వెనుక భాగం బండకు తగిలినవాడికి నుదుటి వెనకున్న మెదడు, కణతల లోపలి మెదడు కమిలిపోయి ఉంటాయి. అక్కడ పుర్రె అడుగు గరుకుగా, గట్లు గట్లుగా ఉండటం దీనికి తోడవుతుంది. దీంతో ఒక అనర్థం వస్తుంది. నుదుటి అడుగున కంటి గుంతల పైకప్పు కాగితమంత పలుచన. తల వెనక్కి పడినా ఆ పైకప్పు పగలవచ్చు. గంటల్లో రెండు కళ్ళ చుట్టూ నల్లగా కమిలిపోతుంది. చూసినవాళ్ళు ముఖం మీద ఎవరో గుద్దారనుకుంటారు.

పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాలు కక్షల చరిత్ర ఉన్న సీమ. ఇక్కడ "పడ్డాడా, కొట్టారా?" అన్న ప్రశ్న ఊరికే వచ్చేది కాదు. దాని జవాబు మీద కుటుంబాల మధ్య కొత్త పగలు పుట్టవచ్చు, లేదా నిజంగా జరిగిన హత్య మరుగున పడిపోవచ్చు. అనుమానాస్పద మరణం జరిగితే పోలీసులు శవ పంచనామా చేసి, ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టుమార్టం చేయించాలి. 2024 జూలై 1కి ముందు ఇది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ కింద జరిగేది, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద జరుగుతోంది. ఆ టేబుల్ దగ్గర న్యాయవైద్యుడు చదివేది గాయాల అమరికనే.

పడిన గాయాలు సాధారణంగా ఒంటికి ఒకే వైపు, నేలను తాకిన వైపు ఉంటాయి. కొట్టిన గాయాలు ముందూ వెనకా, ఎత్తిన చేతుల మీదా, పలు దిక్కుల నుంచి వచ్చి ఉంటాయి. పడినప్పుడు పైకి కనిపించేది కొంచెం, లోపల జరిగేది ఎక్కువ. చర్మం మీద గీరుడు, లోపల కాలేయం చీలిక. ఛాతీలో గుండె నుంచి వచ్చే బృహద్ధమని వంపు తిరిగి కిందికి దిగే చోట ఒక నరంలాంటి కట్టు దాన్ని బిగించి ఉంచుతుంది. ఒళ్ళు ఆగినా గుండె కిందికి వేలాడి, ధమని ఆ కట్టు దగ్గరే తెగుతుంది. ఛాతీ మీద గీత కూడా ఉండకపోవచ్చు. మెదడు ఎదురువైపు నలిగిందా, తగిలిన వైపేనా అన్నది మరో సాక్ష్యం. గోడ నుంచి ఎంత దూరంలో పడ్డాడన్నది ఇంకొకటి. ఇరవై అడుగుల స్లాబు అంచున మామూలుగా నడుస్తూ కాలు జారినవాడు 1.1 సెకనులో గోడకు నాలుగైదు అడుగుల్లోనే పడతాడు. పన్నెండు, పదిహేను అడుగుల దూరంలో పడి ఉంటే పరుగో, తోపో, మరేదో బలం ఉంది. అందుకే శవాన్ని కదల్చకముందే ఆ దూరం కొలవాలి. టేపుతో ఒక్క నిమిషం పని.

ఈ నియమాలకు లొంగని చోట్లున్నాయి. గండికోట లోయ గోడలు ఎర్రటి ఇసుకరాతి వరుసలు, మెట్లు మెట్లుగా ఉంటాయి. అక్కడ పడిన మనిషి ఒకేసారి కింద పడడు. ప్రతి రాతి మెట్టుకూ కొట్టుకుంటూ దొర్లుతాడు. గాయాలు నాలుగు వైపులా ఉంటాయి, కొట్టిన గాయాలతో పొరబడే వీలుంది. ఫొటో కోసం అంచుకు వెళ్ళేవాళ్ళకు చెప్పవలసింది ఒకటే. అక్కడి రాతి దిమ్మెలు కొన్ని వదులుగా ఉంటాయి, కాలు పెట్టాకే తెలుస్తుంది. బావి కూడా అలాంటిదే. ఒళ్ళు గోడలకు గీరుకుపోయి, అడుగున నీళ్ళుంటే మునిగి చనిపోతాడు, తలకు గాయం రెండో కారణమవుతుంది. ఎండాకాలం ఈతకని బావుల్లోకి తలకిందులుగా దూకే కుర్రాళ్ళ సంగతి ఇంకా ఘోరం. నీళ్ళు తగ్గాయని పైనుంచి తెలియదు. తల అడుగును తాకితే మెడలో అయిదో ఆరో పూస పగిలి, కాళ్ళూ చేతులూ రెండూ పడిపోతాయి.

చేతుల దగ్గరికి వస్తే, పడబోయే మనిషి చేయి చాస్తాడు. చాచిన అరచేతి మీద ఒంటి బరువు పడితే మణికట్టు పైన ఎముక విరిగి చేయి వెనక్కి వంగుతుంది. 1814లో డబ్లిన్ సర్జన్ అబ్రహాం కాలిస్ వర్ణించిన విరుపు ఇది. ఎక్స్‌రే కనిపెట్టడానికి ఎనభై ఏళ్ళ ముందు, చేత్తో తడిమి చెప్పాడాయన. మిద్దె మీద నిద్రలో దొర్లిపడినవాడు గానీ, మత్తులో ఉన్నవాడు గానీ చేయి చాచడు. మణికట్టు బాగుండి ముఖం, పక్క, తల మాత్రమే దెబ్బతింటే అతను పడే ముందు స్పృహలో లేడేమోనన్న ఆలోచన రావాలి. ఖాయంగా చెప్పలేం, అడగవలసిన ప్రశ్న అది.

చింతచెట్టు మీంచి జారుతూ కొమ్మ పట్టుకున్నవాడికి ఒక ప్రత్యేకమైన గాయం ఉంది. చేయి కొమ్మ దగ్గర ఆగిపోతుంది, ఒళ్ళు కిందికి లాగుతుంది. మెడ నుంచి చంక మీదుగా చేతికి పోయే నరాల గుత్తిలో కింది నరాలు సాగుతాయి, ఒక్కోసారి తెగుతాయి. ప్రాణం దక్కుతుంది, కానీ వేళ్ళలో పట్టు పోతుంది. ఈ పక్షవాతాన్ని 1885లో అగస్టా క్లంప్కే అనే వైద్యురాలు వర్ణించింది. పారిస్ ఆసుపత్రుల్లో స్త్రీలు డాక్టర్లుగా పనిచేయడానికే పోరాడుతున్న రోజులవి. అదే చెట్టు మీంచి భుజం నేలకు తగిలేలా పడితే మెడా భుజమూ విడదీసినట్టై పై నరాలు సాగుతాయి. అప్పుడు వేళ్ళు ఆడతాయి, భుజం లేవదు. చేతిపట్టు మీదే బతుకు నడిచే మనిషికి రెండూ పెద్ద దెబ్బలే. దోటితో నేల మీంచి అందినంత దులిపి, మిగతాది వదిలేసుకోవడం కన్నా మంచి మందు లేదు.

మిల్లుల మీది రేకుల గురించి ఒక మాట. పాత సిమెంటు రేకు మనిషి బరువును ఆపదు. దూలాల మీద చెక్క వేసి దాని మీద నడవాలి. రేకు మీద నేరుగా కాలు పెట్టిన మనిషి, కప్పు పగిలి లోపలి యంత్రాల మీద పడతాడు.

పడిన తర్వాత మరణం మూడు సమయాల్లో వస్తుంది. తల చితికినవాళ్ళు, బృహద్ధమని తెగినవాళ్ళు నిమిషాల్లో పోతారు, వాళ్ళను ఏ వైద్యమూ అందుకోలేదు. కటి ఎముకలు, కాలేయం, ప్లీహం నుంచి లోపల రక్తం పోయేవాళ్ళకు గంటలుంటాయి. ఇక్కడే మనం ఎక్కువ మందిని పోగొట్టుకుంటున్నాం, ఎక్కువ మందిని కాపాడగలం కూడా. కణత ఎముక లోపలి ధమని తెగినవాడు కాసేపు స్పృహ తప్పి, లేచి మాట్లాడతాడు, కాఫీ అడుగుతాడు. రక్తం గడ్డ పెరిగి మెదడును నొక్కేసరికి వాంతులు, మగత, తర్వాత ఒక కంటిపాప పెద్దదవడం. లేచి మాట్లాడాడు కదా అని మంచం మీద పడుకోబెట్టే ఇళ్ళలో ఆ గంటలు వృథా అయిపోతాయి. అమెరికా గాయాల నియమాల్లో ఇదివరకు పెద్దవాళ్ళు ఇరవై అడుగులకు పైనుంచి పడితేనే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళాలని ఉండేది. 2021లో దాన్ని పది అడుగులకు దించారు. మన మిద్దె ఎత్తు అది.

మూడో సమయం రోజులు, నెలలు. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళను చంపేది ఆ దెబ్బ కాదు, దాని తర్వాత వచ్చే పుండ్లూ, మూత్రంలో చీమూ. రెండు గంటలకొకసారి పక్క మార్చితే పుండు పడదు. మన జిల్లావాళ్ళు పెద్ద జబ్బు వస్తే వెళ్ళే వేలూరులో, 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. అక్కడ ఆమె కృషితో 1966లో పునరావాస కేంద్రం మొదలైంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ డాక్టర్లు కట్టిన క్యాంబెల్ ఆసుపత్రి వందేళ్ళకు పైగా ఉంది. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి, కడపలో రిమ్స్ ఉన్నాయి. చేరేదాకా వెన్ను కదలకుండా ఉంచడమే మనవల్ల కావాల్సింది.

పడకుండా చూడటానికి 1996లో దేశం ఒక చట్టం చేసింది. భవన నిర్మాణ కార్మికులకు బెల్టు, హెల్మెట్, గట్టి సారవ ఇవ్వాలంది. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు కూడా పెట్టింది. అయితే ఆ చట్టాన్ని పదిమందీ, అంతకు మించీ పనివాళ్ళున్న చోటికే రాశారు. ప్రొద్దుటూరు సందులో అయిదారుగురు కూలీలతో ఇల్లు లేపే మేస్త్రీ దాని చూపుకు అందలేదు. పడేది అక్కడే ఎక్కువ. ఇది చట్టం లోపం అని నేను నిస్సందేహంగా అంటాను.

ఆ లోపాన్ని పూడ్చగలిగినది ఇంటి యజమాని. ఇల్లు కట్టించేవాళ్ళు మేస్త్రీతో బేరం మాట్లాడేటప్పుడే తాడు, బెల్టు, గట్టి సారవ కర్రల ఖర్చు వేరుగా రాయించండి, బేరంలో దాన్ని తగ్గించకండి. మిద్దెకు నడుమెత్తు పిట్టగోడ, గవాచికి ఇనుప జాలీ పెట్టించండి. ఎవరైనా పడితే చేతులూ కాళ్ళూ పట్టి ఎత్తకండి, కూర్చోబెట్టకండి, నీళ్ళు తాగించకండి. నులకమంచం కుంగుతుంది, తలుపు చెక్కో గట్టి పలకో తెండి. నలుగురు కలిసి తల, ఒళ్ళు, కాళ్ళు ఒకే వరుసలో ఉంచి పక్కకు దొర్లించి దాని మీదికి చేర్చండి. 108కి ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పండి. ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, దేని మీద పడ్డాడు, నేలను ముందు ఏ భాగం తాకింది.